నోటుబుక్కులో ఇద్దరు కుర్రాళ్ళు

2022 డిసెంబరు 23, శుక్రవారం. మధ్యాహ్నం రెండున్నరకి కొచ్చిలో ఐపీఎల్ ఆటగాళ్ళ వేలం. కోదాడ పక్కన మా అనంతగిరిలో వానాకాలం వడ్లు అమ్ముడైపోయి, యాసంగికి నార్లు పోస్తున్న రోజులు. నాకు పొలం లేదు, వేరే పనీ లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడుల్లో డ్రిల్లు సారుగా చేసి రిటైరైన మనిషిని. భోజనం చేసి, చంకలో ఒక నోటుబుక్కు పెట్టుకుని టీకొట్టుకి పోయాను. అప్పటికే మా మేనల్లుడు సెల్లుని చక్కెర డబ్బాకి ఆనించి, వేలం పెట్టి కూర్చున్నాడు.

ఆ నోటుబుక్కు గురించి ముందు చెప్పాలి. నాలుగు గీతల పుస్తకం, పిల్లలు ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకునేది. బడిలో మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. దాంట్లో ఒక పేజీకి నడిమధ్యన నిలువుగా గీత కొట్టి, ఎడమవైపు షేక్ రషీద్ అని, కుడివైపు నితీశ్ కుమార్ రెడ్డి అని రాసి పెట్టుకున్నాను. ఒకడిది గుంటూరు, ఒకడిది విశాఖపట్నం. ఒకడికి 18 ఏళ్ళు, ఇంకొకడికి 19. ఇద్దరూ ఆంధ్ర జట్టు కుర్రాళ్ళే. ఇద్దరూ ఆ వేలంలో ఉన్నారు. ఇద్దరి కనీస ధరా 20 లక్షలే.

మేనల్లుడికీ నాకూ ఉన్న పందెం ఏమిటంటే, ఈ ఇద్దరిలో ముందు పైకొచ్చేది ఎవడు? ఓడినవాడు నెల రోజులు గెలిచినవాడి టీ, మిరపకాయ బజ్జీల లెక్క కట్టాలి. నేను రషీద్ అన్నాను. మేనల్లుడు నితీశ్ అన్నాడు. వాడెందుకు నితీశ్ అన్నాడో నాకు తెలుసు. వాడూ మీడియం పేస్ వేస్తాడు, ఏడో నంబర్లో దిగి నాలుగు బాదుతాడు. అద్దంలో తన మొహాన్నే చూసుకుని ఓటేశాడు. నేను మాత్రం శాస్త్రీయంగా తేల్చానని అనుకున్నాను.

ఏం రాసుకున్నానో వినండి.

ఎడమవైపు. 2022 ఫిబ్రవరి 2, ఆంటిగ్వా దీవి, అండర్ 19 ప్రపంచ కప్పు సెమీఫైనల్, ఎదుట ఆస్ట్రేలియా. మనవాళ్ళు 37 పరుగులకి 2 వికెట్లు. కెప్టెన్ యశ్ ధుల్, వైస్ కెప్టెన్ రషీద్ క్రీజులో. ఈ ఇద్దరూ ఆ టోర్నీ మధ్యలోనే కోవిడ్ వచ్చి గదుల్లో పడి, రెండు మ్యాచ్‌లు పోగొట్టుకుని లేచి వచ్చినవాళ్ళు. ఇద్దరూ కలిసి 204 పరుగులు జోడించారు. ఆ రాత్రి నేను నిద్ర మానుకుని చూశాను. రషీద్ తొందరపడలేదు. బంతి దగ్గరికి వచ్చేదాకా తల కదలదు, పైచేతి మోచెయ్యి లేచి ఉంటుంది, కవర్స్ లోకి కొట్టినా బలంతో తోసినట్టు కాక తలుపు తీసి పంపించినట్టు ఉంటుంది. నేను ఇన్నేళ్ళూ పిల్లలకి నోటితో చెప్పి చెప్పి చేయించలేకపోయిన పని అది. చివర్లో ఒక ముచ్చట జరిగింది. రషీద్ నేరుగా కొట్టిన బంతి బౌలర్ చేతికి తగిలి అవతలి వికెట్ల మీద పడింది, ధుల్ రనౌట్. మరుసటి బంతికే రషీద్ కూడా ఔట్. 94. సెంచరీకి ఆరు తక్కువ. మూడు రోజుల తర్వాత ఇంగ్లండ్ మీద ఫైనల్లో 190 కొట్టాల్సి ఉంటే మళ్ళీ 50 చేశాడు. కప్పు మనదే.

ఆ కప్పు గెలిచిన వారం రోజులకే బెంగుళూరులో పెద్ద వేలం జరిగింది. అదే జట్టులోని రాజ్ బవాకి 2 కోట్లు, హంగర్గేకర్‌కి కోటిన్నర, కెప్టెన్ ధుల్‌కి 50 లక్షలు. వైస్ కెప్టెన్ పేరు మాత్రం పాటలోకే రాలేదు. పందొమ్మిది ఏళ్ళు నిండాలి, లేకపోతే రాష్ట్ర జట్టుకి ఒక్క పెద్ద మ్యాచ్ అయినా ఆడి ఉండాలన్నది నిబంధన. కోవిడ్ దెబ్బకి అంతకు ముందు రంజీ పోటీలే జరగలేదు, ఇంకెక్కడ ఆడతాడు? అలా ఒక ఏడాది ఆగి కొచ్చికి వచ్చాడు. ఇది చదివినప్పుడే నా మనసు అటు మొగ్గింది. ఆకలి మీద ఉన్నవాడు కదా అనుకున్నాను. పైగా కొడుకుని గుంటూరు నుంచి మంగళగిరి అకాడెమీకి తిప్పడం కోసం ఆ తండ్రి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడని పేపర్లో చదివి ఉన్నాను.

కుడివైపు. నితీశ్. 2017-18 సీజన్, విజయ్ మర్చంట్ ట్రోఫీ, అంటే పదహారేళ్ళ లోపు పిల్లల పోటీ. ఒక్క సీజన్లో 1,237 పరుగులు. నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లో 441. మన ఊళ్ళో రెండు జట్లు రెండు రోజులు ఆడినా అన్ని రావు. దానికి బోర్డువాళ్ళు జగ్‌మోహన్ దాల్మియా పేరు మీద ఇచ్చే అవార్డు కూడా ఇచ్చారు. ఇతని తండ్రి ముత్యాల రెడ్డిది హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం. విశాఖ నుంచి ఉదయ్‌పూర్ బదిలీ చేస్తే, అక్కడ అబ్బాయి ఆట సాగదని ఉద్యోగమే వదిలేశాడు. ఇటూ తండ్రే, అటూ తండ్రే. ఆ గీతకి రెండు పక్కలా సమానం.

మరి కుడివైపు ఎందుకు మొగ్గలేదు? నాగాలాండ్ బౌలింగ్ ఏపాటిదిలే అనుకున్నాను. అండర్ 19 ప్రపంచ కప్పులో ఈ అబ్బాయి లేడు కదా అనుకున్నాను. బౌలింగ్ వేస్తాడు గాని అదొక చేతిసాయం లెక్క అని రాసుకున్నాను. అచ్చంగా ఆ మాటే, చేతిసాయం అని, నా చేతిరాతతో ఇప్పటికీ ఉంది. ఆ మాట కింద మేనల్లుడు ఎర్ర పెన్నుతో మూడు గీతలు కొట్టాడు. ఎప్పుడు కొట్టాడో తర్వాత చెబుతాను.

సరే, వేలం మొదలైంది. సంతలో పశువుల బేరం చూసినవాళ్ళకి ఈ వేలం కొత్తగా ఉండదు. కోడెకి పళ్ళు పట్టి వయసు చూస్తారు, గిట్టలు చూస్తారు, సుడులు చూస్తారు, కొంచెం దూరం నడిపించి చూస్తారు. ధర మాత్రం తువాలు కింద వేళ్ళు పట్టుకుని తేల్చుకుంటారు. ఇక్కడ తువాలు తీసేశారు, అంతే. చేతిలో పాడిల్ ఇచ్చి అందరి ముందూ ఎత్తమన్నారు. శామ్ కరన్ అనే ఇంగ్లండ్ కుర్రాడిని పంజాబ్ పద్దెనిమిదిన్నర కోట్లకి కొన్నది. అప్పటికి ఐపీఎల్‌లో అదే ఎక్కువ. కామెరాన్ గ్రీన్ పదిహేడున్నర, స్టోక్స్ పదహారుంపావు. టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ కడుగుతూ ఆగి, "సారూ, ఈ పదహారుంపావులో పావు అంటే ఎంత?" అని అడిగాడు. ఇరవై అయిదు లక్షలు అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా మళ్ళీ గ్లాసులు కడుక్కున్నాడు.

ఆ పావు కంటే మనవాళ్ళిద్దరి ధరా తక్కువే. రషీద్‌ని చెన్నై 20 లక్షలకి తీసుకుంది. నితీశ్‌ని హైదరాబాద్ సన్‌రైజర్స్ 20 లక్షలకి తీసుకుంది. కనీస ధరకే పోయారంటే వాళ్ళ మీద చెయ్యెత్తింది ఒక్కొక్క జట్టే. ఒకటో సారి, రెండో సారి, మూడో సారి, అయిపోయింది. ఆ రోజు మొత్తం 80 మందికి 167 కోట్లు పెట్టారు. ఆ లెక్కలో మన ఇద్దరిదీ కలిపినా నలభై లక్షలు.

ఒక పోలిక చెప్పక ఉండలేను. అదే ఏడాది వినాయక చవితి నిమజ్జనం నాడు బాలాపూర్ లడ్డు వేలంలో 24 లక్షల 60 వేలు పలికింది. అంటే ఆ ఏడాది మన రషీద్ కన్నా, మన నితీశ్ కన్నా లడ్డు ధరే ఎక్కువ. దేవుడి ప్రసాదంతో పోల్చకూడదు, ఒప్పుకుంటాను. కాని పాట అనేది ఎలా నడుస్తుందో తెలియడానికి చెబుతున్నాను. బాలాపూర్‌లో లడ్డుకి ఎగబడేవాళ్ళు పదిమంది ఉంటారు, లడ్డు ఒక్కటే. కొచ్చిలో 405 మంది పేర్లున్నాయి, ఖాళీలు 87. ధర వస్తువులో లేదు, ఎగబడే జనంలో ఉంది.

ఇక తర్వాత ఏం జరిగిందో మీకందరికీ తెలుసు, అయినా నా నోటుబుక్కు లెక్కన చెబుతాను.

2023లో చెన్నై కప్పు గెలిచింది. రషీద్ ఆ జట్టులో ఉన్నాడు. ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2024లోనూ ఆడలేదు. రుతురాజ్ ఉన్నాడు, కాన్వే ఉన్నాడు, రహానే ఉన్నాడు. పైన దిగే బ్యాటర్‌కి ఆ ఇంట్లో చోటేదీ? పసుపు చొక్కా వేసుకుని, నీళ్ళ సీసాలు మోసి, నెట్స్‌లో ఆడి వచ్చాడు. హైదరాబాద్ సంగతి దానికి తలకిందులు. 2023లో పది జట్లలో పదో స్థానం. ఓడిపోయిన ఇంట్లో అన్నీ ఖాళీలే. నితీశ్ ఆ ఏడాది రెండు మ్యాచ్‌ల్లో ఉన్నాడు, బ్యాటు పట్టే పని పడలేదు. 2024లో కమిన్స్ కెప్టెన్‌గా వచ్చాడు, జట్టు రూపు మారింది. పైన హెడ్, అభిషేక్ శర్మ ఉతికి ఆరేస్తున్నారు. ఆ ఇద్దరూ ఔటైన రోజున నడిమిట్లో నిలబడేవాడు కావాలి.

ఏప్రిల్ 9, ముల్లన్‌పూర్, పంజాబ్ మీద. పైవాళ్ళు తొందరగా పోయారు. నితీశ్ 37 బంతుల్లో 64. తర్వాత బంతి పట్టుకుని ఒక వికెట్టూ తీశాడు. హైదరాబాద్ గెలిచింది రెండే రెండు పరుగుల తేడాతో. మే 2న ఉప్పల్లో రాజస్థాన్ మీద 42 బంతుల్లో 76 నాటౌట్, అందులో ఎనిమిది సిక్సర్లు. అశ్విన్, చాహల్ లాంటి స్పిన్నర్లని ముందుకొచ్చి నేరుగా ఎత్తి కొట్టాడు. ఆ మ్యాచ్ ఒక్క పరుగుతో గెలిచారు. సీజన్ మొత్తం మీద 303 పరుగులు, వర్ధమాన ఆటగాడి అవార్డు. ఆ అవార్డు ప్రకటించిన రాత్రి మా మేనల్లుడు మా ఇంటికొచ్చి, నా నోటుబుక్కు అడిగి తీసుకుని, చేతిసాయం అన్న మాట కింద ఎర్రగీతలు కొట్టాడు. మూడు గీతలు, మూడు వికెట్లకి. ఆ సీజన్లో నితీశ్ తీసినవి మూడే. నా మాట పూర్తిగా తప్పు కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇక్కడ కాస్త దూరం పోయి వస్తాను. మా అక్క మనవడు కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్ళో చదువుకుంటున్నాడు. ఈ పందెం సంగతి ఫోన్లో చెబితే నవ్వి, ఇక్కడ ఐస్ హాకీకి ఇదే పిచ్చి తాతయ్యా అన్నాడు. గడ్డకట్టిన మంచు మీద చక్రాల్లేని బూట్లతో జారుతూ ఆడే ఆట. అక్కడ వేలం ఉండదు. పద్దెనిమిదేళ్ళు వచ్చిన కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా పంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అడుగున ఉన్న జట్లకి ముందు వంతు, వాటిలో ఎవరు ముందన్నది చీటీలు తీసినట్టు తేలుస్తారు. డబ్బున్నవాడిది కాదు, ఓడినవాడిది పైచెయ్యి. మన అన్నదమ్ముల పంపకాల్లో చిన్నవాడిని ముందు కోరుకోమంటామే, అలా ఉంది.

ఆ పిల్లవాడు ఒక కథ చెప్పాడు. 2010 డ్రాఫ్ట్. టేలర్ హాల్ అని ఒకడు, టైలర్ సెగిన్ అని ఇంకొకడు. పేర్లు కూడా కవలల్లా ఉన్నాయి. ఏడాది పొడుగునా కెనడా అంతా ఇదే మాట, టేలరా, టైలరా? చివరికి మొదటి వంతున్న ఎడ్మంటన్ హాల్‌ని తీసుకుంది. రెండో వంతున్న బోస్టన్ సెగిన్‌ని తీసుకుంది. మరుసటి ఏడాదే బోస్టన్ స్టాన్లీ కప్పు గెలిచింది, సెగిన్ పందొమ్మిదేళ్ళకే కప్పు ఎత్తాడు. హాల్ ఎడ్మంటన్‌లో ఆరు సీజన్లు ఆడినా ఆ జట్టు ఒక్కసారి కూడా నాకౌట్ దశకి పోలేదు. అందరూ సెగినే మొనగాడు అని తేల్చేశారు. తర్వాత హాల్‌ని న్యూజెర్సీకి మార్చారు. 2018లో ఆ లీగు మొత్తానికి అత్యుత్తమ ఆటగాడి అవార్డు హాల్‌కే వచ్చింది. ఇంతకీ ఎవడు గొప్ప అని అడిగితే, ఎడ్మంటన్‌లో ముసలివాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటారట. నాకు ఆ ఊరు బాగా నచ్చింది.

ఆ ఫోన్ పెట్టేశాక నా తప్పు నాకు తెలిసింది. నేను ఇద్దరు కుర్రాళ్ళని పోల్చాను. మోచేతులు పోల్చాను, పరుగులు పోల్చాను, తండ్రుల త్యాగాలు పోల్చాను. జట్లని పోల్చలేదు. వేలంలో వాళ్ళు కొన్నది కుర్రాణ్ణి కాదు, తమ జట్టులో ఎక్కడ చిల్లు ఉందో ఆ చిల్లుకి అతుకు. చెన్నైకి ఓపెనర్ల చిల్లు లేదు. హైదరాబాద్‌కి నడిమిట్లో పెద్ద చిల్లు ఉంది. అటుది ఇటు, ఇటుది అటు పోయి ఉంటే నా నోటుబుక్కు ఎలా ఉండేదో ఎవరు చెప్పగలరు? మిర్యాలగూడ మిల్లుకి వడ్లు తోలినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అవే గింజలు, అదే తేమ. మిల్లు నిండి ఉన్న రోజున గేటు బయట ట్రాక్టరు మీద రెండు రాత్రులు పడుకోవాలి, ఖాళీగా ఉన్న రోజున కాటా కూడా గబగబా వేస్తారు.

మా వైపు పిల్లలకి ఇంకో చిక్కు ఉంది. కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డు మీదుగా కాస్త పోతే ఆంధ్ర. రాష్ట్రం విడిపోయింది 2014లో గాని క్రికెట్‌లో మనం ఎప్పుడూ కలిసి లేము. హైదరాబాద్ జట్టు 1934 నాటి తొలి రంజీ సీజన్ నుంచే ఉంది, రెండుసార్లు రంజీ గెలిచింది, 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి. ఆంధ్ర 1953-54లో వేరే జట్టుగా మొదలైంది, రంజీ కప్పు ఇంతవరకు చూడలేదు. కాబట్టి అనంతగిరి కుర్రాడు పైకి రావాలంటే నల్గొండ మీదుగా హైదరాబాద్ చూపు పడాలి. జగ్గయ్యపేట కుర్రాడైతే కృష్ణా జిల్లా మీదుగా ఆంధ్ర జట్టుకి పోతాడు. ఒకే చెరువులో ఈత నేర్చుకున్నా ఒకడు ఈ గట్టు, ఒకడు ఆ గట్టు. నా దగ్గర ఆడిన ఒక పిల్లవాడు ప్రతి ఆదివారం తెల్లవారుజామున మొదటి బస్సెక్కి హైదరాబాద్ పోయి లీగ్ మ్యాచ్ ఆడి రాత్రికి వచ్చేవాడు. రానూ పోనూ మూడు వందల యాభై కిలోమీటర్ల పైమాట. రెండు సీజన్లు పోయాడు. ఇప్పుడు కోదాడలో సెల్లుల కొట్టు పెట్టుకున్నాడు. వాడి డ్రైవ్ కూడా రషీద్‌లాగే తలుపు తీసినట్టు ఉండేది. నా లెక్కలో రషీద్ వైపు మొగ్గడానికి ఈ పిల్లవాడు కూడా ఒక కారణమేమో. మేనల్లుడు తన మొహం చూసుకున్నాడని వెక్కిరించాను గాని, నేను చూసుకున్న మొహం ఇది.

చిల్లు, అతుకు అన్నాను కదా. ఆడపిల్లల వేలంలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. 2024 డిసెంబరు 15, బెంగుళూరు, మహిళల ప్రీమియర్ లీగ్ వేలం. మన తెలుగు పిల్లలు ఇద్దరి మాట చెబుతాను. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష, అప్పటికే ఒక అండర్ 19 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడినది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి, ఎడమచేతి స్పిన్నర్. శ్రీచరణి మీద చేతులు లేచాయి, లేచాయి, 10 లక్షల దగ్గర మొదలై 55 లక్షలకి ఢిల్లీ తీసుకుంది. త్రిష మీద ఒక్క చెయ్యీ లేవలేదు. అమ్ముడుపోలేదు అని తేల్చారు.

నెలన్నర తిరగలేదు. 2025 జనవరి, ఫిబ్రవరి, కౌలాలంపూర్‌లో మళ్ళీ అండర్ 19 ప్రపంచ కప్పు. త్రిష స్కాట్లాండ్ మీద 110 నాటౌట్ కొట్టింది, ఆ టోర్నీ చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద లెగ్ స్పిన్‌తో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసి, మళ్ళీ దిగి 44 నాటౌట్. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. ఆ వేలం గదిలో కూర్చున్నవాళ్ళు ఫిబ్రవరి 2న టీవీ పెట్టుకుని ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు మహా కోరిక. అలాగని ఢిల్లీవాళ్ళు పొరపాటు చేశారా అంటే అదీ లేదు. శ్రీచరణి అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబైలో పెద్దవాళ్ళ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉంది, ఆ కప్పులో 14 వికెట్లు తీసింది. ఎడమచేతి స్పిన్ ఎవరికైనా కావాలి. పైన దిగే బ్యాటర్లు ప్రతి ఇంట్లో ఉంటారు. త్రిష కథ వింటుంటే రషీద్ కథే చీర కట్టుకుని వచ్చినట్టనిపించింది నాకు.

మళ్ళీ మన పందెం దగ్గరికి.

2024 నవంబరులో రషీద్ రంజీలో హైదరాబాద్ జట్టు మీదే 203 కొట్టాడు. 372 బంతులు. ఈ రోజుల్లో అంతసేపు నిలబడేవాడు ఎవడు? నేను నోటుబుక్కులో ఎడమవైపు ఎంతో కాలానికి ఒక లైను రాశాను. ఆ నెలాఖరుకే జరిగిన పెద్ద వేలంలో చెన్నై అతన్ని మళ్ళీ 30 లక్షలకి తీసుకుంది. అప్పటికి కనీస ధరే 30 చేశారు. ఆ ఏడాది బాలాపూర్ లడ్డు 30 లక్షల వెయ్యి. అంటే మళ్ళీ లడ్డే గెలిచింది, ఈసారి వెయ్యి రూపాయలతో.

నితీశ్‌ని హైదరాబాద్ 6 కోట్లకి తన దగ్గరే ఉంచుకుంది. అప్పటికే అతను దేశం తరఫున ఆడుతున్నాడు. డిసెంబరు 28, మెల్‌బోర్న్, ఆస్ట్రేలియా మీద టెస్టు. 221 పరుగులకి 7 వికెట్లు పోయి ఉన్నప్పుడు వాషింగ్టన్ సుందర్ వచ్చి కలిశాడు. ఇద్దరూ 127 జోడించారు. యాభై దాటినప్పుడు బ్యాటుని గడ్డం కింద పుష్ప సినిమా తరహాలో తిప్పాడు. మా టీకొట్టులో అరుపులకి రోడ్డు మీద పోయే ఆర్టీసీ బస్సు కూడా ఒక్క క్షణం నెమ్మదించింది. సుందర్ ఔట్, బుమ్రా సున్నా, నితీశ్ 99 మీద అవతలి వైపు నిలబడిపోయాడు. ఇటువైపు సిరాజ్. బంతి వేసేది కమిన్స్. హైదరాబాద్ జట్టులో తన కెప్టెన్. మూడు బంతులు సిరాజ్ ఆపాలి. టీకొట్టాయన పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపలేదు. సిరాజ్ ఆపాడు. తర్వాతి ఓవర్లో బోలండ్‌ని నితీశ్ మిడాన్ మీదుగా నాలుగుకి కొట్టి, ఒక మోకాలు మీద కూర్చుని, బ్యాటు నేలలో నిలబెట్టి, దాని మీద హెల్మెట్టు పెట్టాడు. స్టాండులో ముత్యాల రెడ్డి గారు చేతులు జోడించి ఏడుస్తున్నారు. ఆ పొద్దు మా మేనల్లుడు నాతో పందెం మాట ఎత్తలేదు. వాడూ ఏడుస్తున్నాడు. పొంగిన పాలు పొయ్యంతా అయిపోయి, టీ లేకుండానే అందరం ఇళ్ళకి పోయాం.

నెల రోజుల లెక్క నేను కట్టాను. బజ్జీలు వాడే కాదు, వాడి స్నేహితులు కూడా తిన్నారు. పందెంలో స్నేహితుల మాట లేదని చెప్పినా టీకొట్టాయన వినలేదు.

అక్కడితో అయిపోవాలి. కాని 2025 ఏప్రిల్లో రుతురాజ్ మోచెయ్యి దెబ్బతిని చెన్నైలో ఖాళీ పడింది. ఏప్రిల్ 14, లక్నో. రషీద్ ఓపెనర్‌గా దిగాడు. మూడో సీజన్లో మొదటి మ్యాచ్. 19 బంతుల్లో 27. పెద్ద స్కోరేమీ కాదు. కాని తలుపు తీసి పంపిన బంతులు మూడు నాలుగు ఉన్నాయి, నేను లెక్కపెట్టుకున్నాను. అప్పటికప్పుడు మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు "మామా, పందెం తీరిపోయింది కదా" అన్నాడు. తీరిందిరా, ఊరికే చెప్పాను అన్నాను.

పదకొండు రోజుల తర్వాత, ఏప్రిల్ 25, చెన్నై చేపాక్. హైదరాబాద్ మీద మ్యాచ్. ఆ గీతకి అటుపక్కా ఇటుపక్కా ఉన్న ఇద్దరూ మొదటిసారి ఒకే మైదానంలో, ఎదురెదురుగా. నేను ముందే పోయి బల్ల మీద చోటు పట్టుకున్నాను. షమీ మొదటి బంతి వేశాడు. బ్యాటు అంచుకి తగిలి స్లిప్పులో అభిషేక్ శర్మ చేతుల్లోకి పోయింది. రషీద్ ఔట్. మ్యాచ్‌లో మొదటి బంతి. నా గ్లాసులో టీ ఇంకా తాగడానికి వీల్లేనంత వేడిగా ఉంది.

చెన్నై 154. హైదరాబాద్ 106కి ఐదు పోయాక కామిందు మెండిస్, నితీశ్ నిలబడ్డారు. తొందర లేదు, సిక్సర్లు లేవు, ఒకటి, రెండు తీసుకుంటూ పోయారు. నితీశ్ 19 నాటౌట్. చేపాక్‌లో చెన్నై మీద హైదరాబాద్ గెలవడం అదే మొదటిసారి. ఆ ఏడాది ఐపీఎల్‌లో నితీశ్‌కి కూడా పెద్దగా కలిసి రాలేదు, మొత్తం మీద 182 పరుగులే. పక్కటెముకల నొప్పి, తర్వాత ఇంగ్లండ్‌లో మోకాలు. లార్డ్స్‌లో బంతి పట్టిన మొదటి ఓవర్లోనే డకెట్‌ని, క్రాలీని ఇద్దరినీ తీశాడు, ఆ తర్వాత మోకాలు మొరాయించి ఇంటికొచ్చేశాడు. చేతిసాయం అన్నానా? ఆ ఓవర్ అయ్యాక నేనే నా నోటుబుక్కులో ఆ మాట మీద అడ్డంగా కొట్టేశాను.

చేపాక్ మ్యాచ్ అయిపోయిన రాత్రి కొట్టు కట్టేసే వేళకి టీకొట్టాయన ఖాతా పుస్తకం తీశాడు. మా పందెం పేజీ దాంట్లోనే ఉంది, పైన రెండు పేర్లు, కింద బజ్జీల లెక్క. "సారూ, ఈ పేజీ ఇక కొట్టేయనా?" అన్నాడు.

రషీద్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు నిండి ఏడు నెలలు. కింద రెండు లైన్లు ఖాళీ వదిలి ఉంచమన్నాను.